బ్యాంబూ కుర్తీ పర్యావరణానికి నిజంగా మంచిదేనా? కొనేముందు ఎలా తేల్చుకోవాలి?

బ్యాంబూ లెగ్గింగ్స్, బ్యాంబూ నైటీలు, బ్యాంబూ ఇన్నర్‌వేర్ అంటూ పక్కన పచ్చటి ఆకు బొమ్మ వేసి అమ్ముతున్న వాటిలో చాలా వరకు రేయానే, అంటే మొక్కల గుజ్జును రసాయనాలతో కరిగించి తీసిన దారమే. వెదురులో ఏ లోపమూ లేదు. అది గడ్డి జాతి, కొట్టేసినా దుంప నుంచి మళ్లీ పిలకలు వేస్తుంది, పత్తికి కొట్టినన్ని పురుగుమందులు దానికి అక్కర్లేదు. తేడా అంతా ఆ బొంగు ఫ్యాక్టరీ గేటు దాటాక వస్తుంది. భూమికి మేలు చేద్దామనే నాలుగు రూపాయలు ఎక్కువ పెడుతున్నప్పుడు, ఆ డబ్బు దేనికి పోతోందో మనకు తెలియాలి కదా.

1. పైన వేలాడే అట్ట కాదు, లోపలి లేబుల్ చూడండి

కుర్తీకైతే పక్క కుట్టు లోపల, లెగ్గింగ్స్‌కైతే నడుము పట్టీ వెనక చిన్న తెల్ల ముక్క ఉంటుంది. ఆన్‌లైన్‌లో అయితే ఆ ముక్క ఫొటో పంపమని అడగండి. దాని మీద విస్కోస్ అనో రేయాన్ అనో ఉంటే ఒక కథ, లయోసెల్ అని ఉంటే ఇంకో కథ. ఉత్త బ్యాంబూ అని మాత్రమే ఉంటే ఎలా తయారైందో వాళ్లు చెప్పలేదన్నమాటే. బ్యాంబూ కాటన్ అన్నప్పుడు రెండూ ఎంతెంత శాతమో అడగాలి, ఆ పేరు కింద ఏదైనా అమ్మేయొచ్చు.

2. ఆ మాటల వెనక ఏముందో తెలుసుకోండి

విస్కోస్ పద్ధతిలో బొంగుల్ని ముక్కలు చేసి రసాయనాలతో ఉడికించి గుజ్జు తీస్తారు. ఆ గుజ్జును కాస్టిక్ సోడాలో నానబెట్టి, కార్బన్ డైసల్ఫైడ్ కలిపితే నారింజ రంగు ముద్ద అవుతుంది. దాన్ని మళ్లీ సోడా నీళ్లలో కరిగిస్తే తేనెలా చిక్కటి ద్రవం వస్తుంది, దాన్ని సన్నటి రంధ్రాల గుండా సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలోకి వదిలితే దారంగా గట్టిపడుతుంది. ఈ కార్బన్ డైసల్ఫైడే అసలు ప్రమాదం. ఏళ్ల తరబడి పీల్చిన కార్మికుల నరాలను, గుండెను అది దెబ్బతీస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. కుళ్లిన గుడ్డు వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా వెలువడుతుంది. వాయువుల్ని పట్టి మళ్లీ వాడుకునే, నీటిని శుద్ధి చేసే ఫ్యాక్టరీ అయితే నష్టం బాగా తగ్గుతుంది. అలా చేయని చోట అక్కడి గాలి, అక్కడి వాగు, అక్కడి మనుషులు భరిస్తారు, మన ఒంటికి మాత్రం మెత్తటి బట్ట వస్తుంది. నాకు బాధ కలిగించేది అదే.

ములుగు జిల్లా కమలాపురం రేయాన్స్ ఫ్యాక్టరీ పేరు చాలామంది వినే ఉంటారు, 2014లో మూతపడింది. అక్కడ తయారైంది రేయాన్‌కు కావలసిన గుజ్జే. గుజ్జు ఏ చెట్టుదైనా, ఏ బొంగుదైనా విస్కోస్ దారిలో వెళ్తే చివరికి వచ్చేది రేయానే.

లయోసెల్‌లో కార్బన్ డైసల్ఫైడ్ ఉండదు. వేరే ద్రావణిలో గుజ్జును నేరుగా కరిగిస్తారు, ఆ ద్రావణిని దాదాపు మొత్తం తిరిగి పట్టి మళ్లీ వాడతారు. బ్యాంబూ లయోసెల్ దొరికితే నేను దానికే ఓటేస్తాను. వెదురు నారను నేరుగా తీసి నేసే బట్ట కూడా ఉంది గానీ అది కాస్త గరుకు, దొరకడమూ తక్కువే.

3. అమ్మేవాళ్లను ఈ మూడూ అడగండి

ఇది విస్కోసా, లయోసెల్లా? వెదురు ఎక్కడిది, దానికి ఎఫ్‌ఎస్‌సీ సర్టిఫికెట్ (అడవిని బాధ్యతగా చూసుకుంటున్నారని ఇచ్చే ధ్రువపత్రం) ఉందా? గుజ్జు, దారం ఏ ఫ్యాక్టరీవి? రెండో ప్రశ్న ఎందుకంటే, సహజ అడవిని నరికి ఒక్క వెదురే పెంచితే అక్కడ బతికే పక్షులకు, జంతువులకు చోటు పోతుంది. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ఉందని చూపిస్తే సంతోషమే, కానీ అది బట్టలో హానికర రసాయనాలు మిగిలాయో లేదో చూసే పరీక్ష, దారం తీసిన ఫ్యాక్టరీ ఎంత శుభ్రమో అది చెప్పదు.

4. యాంటీ బ్యాక్టీరియల్ అనే మాటకు డబ్బు పెట్టకండి

బొంగును అంతగా ఉడికించి, కరిగించి, యాసిడ్‌లో ముంచాక మొక్కలోని ఆ గుణం మిగలదు. అమెరికాలో తప్పుడు ప్రకటనల మీద చర్య తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే ఇలాంటి ప్రచారం మీద కేసులు పెట్టింది. 2022లో అయితే రేయాన్ బట్టల్ని బ్యాంబూ అని, పర్యావరణానికి మేలని అమ్మిన వ్యవహారంలో వాల్‌మార్ట్, కోల్స్ అనే పెద్ద దుకాణ సంస్థలు కలిపి 55 లక్షల డాలర్లు కట్టాల్సి వచ్చింది. అక్కడున్న మనవాళ్లు లేబుల్‌లో రేయాన్ అన్న మాట ఉందేమో చూసుకోవచ్చు.

5. అనుమానం ఉంటే ఒక పోగు కాల్చి చూడండి

కుట్టు దారం లాగకండి, అది తరచూ పాలిస్టరే ఉంటుంది. లోపలి అంచు నుంచి బట్ట పోగు ఒకటి తీసి, సింక్ దగ్గర స్టీలు ప్లేటు మీద పట్టకారుతో పట్టుకుని కాల్చండి, చున్నీ దూరంగా పెట్టుకోండి. కాగితం కాలిన వాసన, వేళ్లతో నలిపితే పొడి అయ్యే బూడిద వస్తే రేయానో కాటనో. కరిగి గట్టి పూసలా అయితే సింథటిక్ కలిసింది. వెదురా, చెక్కా అన్నది మాత్రం ఈ పరీక్షతో తేలదు.

6. కొన్నాక ఎక్కువ కాలం తొడగండి

విస్కోస్ తడిస్తే బలం తగ్గుతుంది. మెలితిప్పి పిండితే సాగిపోతుంది, రుద్దితే పైన ఉండలు లేస్తాయి. చల్లటి నీళ్లు, మెషీన్‌లో అయితే జెంటిల్ మోడ్, తిరగేసి నీడలో ఆరేయడం, అంతే. సాగే లెగ్గింగ్స్‌లో స్పాండెక్స్ ఉంటుంది, అది మట్టిలో కలిసిపోదు, ఉతికినప్పుడు ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వదులుతుంది కూడా. అందుకే మరీ బిగుతుగా ఉండక్కర్లేని నైటీలు, కుర్తీలు స్పాండెక్స్ లేనివే తీసుకోండి, బీరువాలో పాతవి బాగానే ఉంటే ఈ నెలకు కొనకుండా ఆగినా మంచిదే.