బ్రిజిట్ బార్డోని ఏ వరుసలో చూడాలి

ఫ్రెంచి నటి బార్డో సినిమాలు చూద్దామనుకునేవాళ్లు చాలామంది 1956 నాటి 'ఎ దియు క్రెయా లా ఫామ్'తో మొదలుపెడతారు. అది రెండోదిగా పెట్టుకోండి. దక్షిణ ఫ్రాన్సులోని సముద్రతీర ఊరు సాన్ త్రోపేలో తీసిన ఆ సినిమాతోనే ఆమె పేరు దేశదేశాల్లో మోగింది, నిజమే. కానీ ముందే అది చూస్తే అందగత్తె కనిపిస్తుంది, నటి కనిపించదు.

మొదట క్లూజో తీసిన 'లా వెరితే' (1960) చూడండి. ప్రియుణ్ని చంపిందన్న కేసులో బోనెక్కిన డొమినిక్‌గా బార్డో నటించింది. కోర్టులో హత్య కంటే ఆమె బతికిన తీరునే ఎక్కువగా తవ్వుతారు. చివర్లో ఆమె బోనులోంచే కోర్టు మీద విరుచుకుపడే సీను దగ్గర మాత్రం వేరే పని పెట్టుకోకండి.

మూడోది లూయీ మాల్ 'వీ ప్రివే' (1962). పత్రికలవాళ్లు వెంటాడే తార కథ, చాలావరకు బార్డో సొంత బతుకులోంచే తీసుకున్నది. సినిమాగా మధ్యరకమే. అయినా లిఫ్టులో ఒక పనిమనిషి ఆమెను తిట్టిపోసే సీను చూస్తే, 1973లో నలభై నిండకుండానే ఆమె సినిమాలకు ఎందుకు దణ్ణం పెట్టిందో తెలిసిపోతుంది.

నాలుగోది గొడార్ 'ల మెప్రి' (1963). దీని దగ్గర ప్రింటు చూసుకోవాలి. జాక్ పాలెన్స్ ఇంగ్లీషు, పిక్కోలీ ఫ్రెంచి మాట్లాడుతుంటే మధ్యలో ఫ్రాంచెస్కా అనే పాత్ర అనువదిస్తూ ఉండాలి. అందరూ ఒకే భాష మాట్లాడుతుంటే అది డబ్బింగు ప్రింటు, వదిలేయండి. అందులో ఆ అనువాదకురాలికి పనే ఉండదు, మనుషుల మధ్య మాట అందకపోవడమన్న అసలు సంగతే పోతుంది. నిడివి సుమారు 103 నిమిషాలు ఉండాలి. ఇటాలియన్ ప్రింటులో సంగీతం కూడా మార్చేశారు. తెర రెండు పక్కలా కత్తిరించిన కాపీ కూడా వద్దు. అపార్టుమెంటు సీన్లలో మొగుడూ పెళ్లాలను (పిక్కోలీ, బార్డో) ఫ్రేము చెరో కొసనా నిలబెట్టారు, కత్తిరిస్తే ఒకరు మాయమవుతారు.

ఇక జంతువుల కోసం ఆమె చేసిన ఉద్యమం. సినిమాలు మానేశాకే జంతువుల వైపు వెళ్లిందని రాసేస్తుంటారు, అది తప్పు. 1962 జనవరిలో, తారగా వెలుగుతున్నప్పుడే, కబేళాల్లో పశువును స్పృహ తప్పించాకే కోయాలని టీవీలో వాదించింది. 1964లో ఫ్రాన్సు దాన్ని తప్పనిసరి చేసింది. 1977లో సీల్ పిల్లల వేటకు వ్యతిరేకంగా కెనడా మంచు మీదకు వెళ్లింది. 1983లో యూరప్ ఆ పిల్లల చర్మాల దిగుమతిని ఆపింది. 1986లో జంతువుల కోసం ఫౌండేషన్ పెట్టి, దాని నిధి కోసం 1987లో నగలూ దుస్తులూ వేలం వేసింది. 1992లో సాన్ త్రోపేలోని తన ఇల్లు లా మద్రాగ్‌ను కూడా ఫౌండేషన్‌కే రాసిచ్చింది.

ఆమె మీద పడ్డ శిక్షలను దాటేయకండి. 1964 నిబంధన మతాచారం ప్రకారం చేసే వధకు మినహాయింపునిచ్చింది. దాని మీద పోరాడుతూ ఆమె ముస్లింల మీదే ద్వేషపు మాటలకు దిగింది. జాతి విద్వేషాన్ని రెచ్చగొట్టిందని కోర్టులు పలుమార్లు జరిమానా వేశాయి, 2008లో అది 15,000 యూరోలు. ఆమె గురించి రాసేటప్పుడు ఈ తీర్పులను చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, కబేళా పోరాటం పక్కనే పెట్టండి.