పాత అమెరికన్ పుస్తకంలో ప్రచురణ సంస్థ చరిత్రను చదవడం ఎలా?

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద పరిచే పుస్తకాల్లోనూ, అమెరికాలో ఉంటున్నవారికైతే ఊళ్లోని లైబ్రరీలు పెట్టే పాత పుస్తకాల అమ్మకాల్లోనూ రాండమ్ హౌస్ అనే అమెరికన్ ప్రచురణ సంస్థ పేరున్న పుస్తకం దొరకడం అరుదేమీ కాదు. ఆ సంస్థ చరిత్ర కోసం ఇంటర్నెట్‌లో వెతికినవారు, 1927లో బెనెట్ సర్ఫ్, డొనాల్డ్ క్లోఫర్ దానిని స్థాపించారన్న ఒక్క వాక్యంతో తృప్తి పడుతుంటారు. అందులో తప్పు లేదు గాని, చేతిలో ఉన్న పుస్తకం ఏనాటి ముద్రణో, అది అచ్చయ్యేనాటికి సంస్థ ఎవరి చేతుల్లో ఉందో ఆ వాక్యం చెప్పదు. ఈ రెండు సంగతులనూ పుస్తకం నుంచే రాబట్టే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట ఒక నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమవైపు ముఖపత్రం (అంటే లోపలి టైటిల్ పేజీ) మీద కనిపించే ప్రచురణ సంస్థ పేరును, ఊరి పేరుతో సహా ఉన్నదున్నట్టు రాయండి. కుడివైపు ఆ సంవత్సరంలో ఆ పేరుకు యజమాని ఎవరో రాయండి. ఈ రెంటినీ కలిపి రాయడం వల్లనే అమెరికన్ ప్రచురణ చరిత్రల్లో సగం గందరగోళం పుడుతున్నదని నా అభిప్రాయం. అక్కడ సంస్థలు చేతులు మారినా పేర్లు చావవు. కొన్నవాడు పేరును అలాగే ఉంచి, దాని కిందే పుస్తకాలు వేస్తూ పోతాడు. అలా మిగిలిన పేరునే ఇంప్రింట్ అంటారు.

రాండమ్ హౌస్ విషయంలో ఎడమవైపు మొదటి పేరు రాండమ్ హౌస్ కాదు, మోడరన్ లైబ్రరీ. చవక ధరలో మంచి పుస్తకాలు అందించే ఈ వరుసను ఆల్బర్ట్ బోనీ, హొరేస్ లివరైట్ 1917లో న్యూయార్క్‌లో ప్రారంభించారు. లివరైట్ దగ్గర పనిచేస్తున్న సర్ఫ్, తన మిత్రుడు క్లోఫర్‌తో కలిసి 1925లో సుమారు 2 లక్షల డాలర్లకు దానిని కొన్నాడు. రెండేళ్ల తరువాత, ఈ వరుసతో పాటు తోచిన పుస్తకం ఏదైనా అప్పుడొకటి అప్పుడొకటి వేద్దామనుకుని రాండమ్ హౌస్ అని కొత్త పేరు పెట్టుకున్నారు. ఇల్లు బొమ్మతో ఉన్న సంస్థ లోగోను చిత్రకారుడు రాక్‌వెల్ కెంట్ గీశాడు. కాబట్టి 1925కు ముందరి మోడరన్ లైబ్రరీ పుస్తకం దొరికితే దానిని రాండమ్ హౌస్ ఖాతాలో వేయకూడదు. అది బోనీ అండ్ లివరైట్ వారిది. ఈ వరుస పుస్తకాల్లో ముద్రణ సంవత్సరం చాలాసార్లు సూటిగా ఉండదు. జాకెట్, అంటే అట్ట మీద తొడిగే కాగితం, ఉంటే దాన్ని జాగ్రత్తగా విప్పి లోపలివైపు చూడండి. చాలా జాకెట్ల లోపల అప్పటికి వరుసలో ఉన్న పుస్తకాల జాబితా అచ్చు వేసేవారు. ఆ జాబితాలో అన్నిటికంటే ఆలస్యంగా వరుసలోకి వచ్చిన పుస్తకం ఏదో తేల్చుకుంటే, జాకెట్ అంతకు ముందుది కాదని రూఢి అవుతుంది. అయితే జాకెట్లు ఒక ప్రతి నుంచి మరొక ప్రతికి మారుతుంటాయని గుర్తుంచుకోవాలి.

తరువాత ముఖపత్రం వెనుక ఉండే కాపీరైట్ పేజీకి రండి. అక్కడి సంవత్సరం హక్కు నమోదైన సంవత్సరమే తప్ప ఆ ప్రతి అచ్చయిన సంవత్సరం కానక్కరలేదు. అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఇచ్చే కార్డు సంఖ్య ఉంటే, గత శతాబ్దపు పుస్తకాల్లో దాని మొదటి రెండంకెలు సాధారణంగా సంవత్సరాన్ని సూచిస్తాయి. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య, 0-394తో మొదలైతే అది రాండమ్ హౌస్ కుటుంబంలోని పుస్తకమని, దాదాపు 1970 తరువాతిదని అనుకోవచ్చు. ముఖపత్రం మీద ఆ సంస్థ తరువాత కొన్న నాఫ్ అనో పాంథియన్ అనో ఉన్నా ఈ అంకెలే కనిపిస్తాయి. పేరు ఒకటి, యజమాని మరొకరు అనడానికి ఇది చక్కటి సాక్ష్యం.

ఎన్నో ముద్రణో తెలపడానికి అదే పేజీలో వేసే అంకెల వరుస దగ్గర మాత్రం ఆగి చూడాలి. చాలా సంస్థల పుస్తకాల్లో ఆ వరుసలో 1 కనిపిస్తే తొలి ముద్రణ. రాండమ్ హౌస్ మాత్రం చాలాకాలం వేరే పద్ధతి పాటించింది. తొలి ముద్రణలో ‘ఫస్ట్ ఎడిషన్’ అనే మాటలు వేసి, అంకెల వరుసను 2తో మొదలుపెట్టేవారు. రెండో ముద్రణకు ఆ మాటలు తీసేసి 2ను ఉంచేవారు. అంటే ‘ఫస్ట్ ఎడిషన్’ అన్న మాటలు, 2 రెండూ ఉంటే అది తొలి ముద్రణే. ఈ సంగతి తెలియక తొలి ముద్రణను రెండోదిగా భావించి చవకగా అమ్మేసే దుకాణదారులు ఇప్పటికీ ఉన్నారు, కొనేవారికి అది కలిసివచ్చే విషయమే. స్క్రిబ్నర్స్ సంస్థ పద్ధతి ఇంకొకటి. 1930 నుంచి అది తొలి ముద్రణకు ‘ఎ’ అనే అక్షరం వేసేది. కాబట్టి ఒక సంస్థ సూత్రాన్ని మరో సంస్థ పుస్తకానికి వర్తింపజేయకండి. జాకెట్ మడత మీద ధర లేకుండా, వెనుక అట్ట మీద చిన్న నొక్కుడు గుర్తు ఉంటే అది బుక్ క్లబ్ ప్రతి, అంటే సభ్యుల కోసం వేరుగా వేసినది, కావచ్చు.

ఇక కథలను సరిచూసుకునే పని. జేమ్స్ జాయిస్ నవల ‘యులిసిస్’ మీద అమెరికాలో ఉన్న నిషేధాన్ని రాండమ్ హౌస్ కోర్టులో ఎదుర్కొంది. న్యాయవాది మోరిస్ ఎర్న్‌స్ట్ వాదించగా, న్యాయమూర్తి జాన్ వూల్సీ 1933 డిసెంబర్ 6న పుస్తకం అశ్లీలం కాదని తీర్పు చెప్పాడు. 1934 జనవరిలో పుస్తకం వచ్చింది. వూల్సీ తీర్పు పాఠాన్ని పుస్తకం మొదట్లోనే అచ్చు వేశారు కనుక, పాత రాండమ్ హౌస్ ప్రతి దొరికితే దానిని అక్కడే చదువుకోవచ్చు. కేసు నడవాలంటే ప్రతి కస్టమ్స్‌కు పట్టుబడాలి; అందుకని విదేశం నుంచి కావాలని తెప్పించిన ప్రతిని ఎండాకాలపు ఉక్కలో కస్టమ్స్ అధికారి చూడకుండానే వదిలేయబోతే, సంచి తనిఖీ చేయమని తమ మనిషే పట్టుబట్టాడని సర్ఫ్ చెప్పేవాడు. అద్భుతమైన కథ! కాని ఇది సంస్థ యజమాని ఏళ్ల తరువాత చెప్పుకున్న జ్ఞాపకం. తీర్పు తేదీని సిరాతోనూ, ఇటువంటి కథను పెన్సిల్‌తోనూ రాసుకోవడం మంచిది. విజయగాథలో అంతగా వినిపించని సంగతి మరొకటుంది. ఆ 1934 ప్రతిని పొరపాటున ఒక దొంగ ముద్రణను ముందు పెట్టుకుని కంపోజ్ చేశారు, అందువల్ల దానిలోని తప్పులు ఇందులోకీ వచ్చాయి.

కుడివైపు నింపడానికి ఈ మజిలీలు చాలు. 1936లో స్మిత్ అండ్ హాస్ సంస్థ రాండమ్ హౌస్‌లో కలవడంతో విలియమ్ ఫాక్నర్ ఈ సంస్థ రచయిత అయ్యాడు. 1959లో సంస్థ వాటాలను ప్రజలకు అమ్మింది; 1960లో నాఫ్‌ను, మరుసటి ఏడాది పాంథియన్‌ను కొన్నది. 1960ల నడుమ ఆర్‌సీఏ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ రాండమ్ హౌస్‌నే కొన్నది. రేడియోలు, టీవీలు చేసే కంపెనీకి సాహిత్యంతో ఏం పని అనిపిస్తుంది గాని, పాఠ్యపుస్తకాలూ బోధనా యంత్రాలూ ఒకే వ్యాపారమవుతాయని అప్పట్లో పెద్ద కంపెనీలు ఆశపడ్డాయి. ఆ ఆశ ఫలించక, 1980లో న్యూహౌస్ కుటుంబానికి అమ్మేశారు. వారి నుంచి 1998లో జర్మనీకి చెందిన బెర్టెల్స్‌మన్ కొన్నది. 2013 జులై 1న పెంగ్విన్‌తో కలిసి పెంగ్విన్ రాండమ్ హౌస్ ఏర్పడింది. మన దేశంలో ఇప్పుడు చూస్తున్న పెంగ్విన్ రాండమ్ హౌస్ ఇండియా ఆ విలీనపు ఫలమే.

పుస్తకంలో దొరకనివాటికి పత్రాలను ఆశ్రయించాలి. రాండమ్ హౌస్ దస్తావేజులు, సర్ఫ్ కాగితాలు న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఏ పెట్టెలో ఏముందో తెలిపే సూచికను ముందు చదివి, తరువాత లైబ్రేరియన్‌కు రాయడం మర్యాద. అంత దూరం వెళ్లలేనివారికి అమెరికా కాపీరైట్ నమోదుల పాత సంపుటాల స్కాన్ ప్రతులు ఉచితంగా దొరుకుతాయి; వాటిలో పుస్తకం నమోదైన తేదీ, హక్కుదారు పేరు ఉంటాయి. 1872 నుంచి వస్తున్న, ప్రచురణ రంగపు పత్రిక ‘పబ్లిషర్స్ వీక్లీ’ పాత సంచికల్లో అమ్మకాలు, కొనుగోళ్ల వార్తలు చూడవచ్చు.

ఆ వార్తలను నోటుబుక్కులోకి ఎక్కించేటప్పుడు ప్రకటన తేదీని, ఒప్పందం పూర్తయిన తేదీని వేర్వేరుగా రాయండి. 2020 నవంబర్‌లో పెంగ్విన్ రాండమ్ హౌస్ మరో పెద్ద ప్రచురణ సంస్థ సైమన్ అండ్ షుస్టర్‌ను కొంటున్నట్టు ప్రకటించింది. 2022 అక్టోబర్ 31న న్యాయమూర్తి ఫ్లోరెన్స్ పాన్ దానిని అడ్డుకున్నారు, మరుసటి ఏడాది ఆ సంస్థను కేకేఆర్ అనే పెట్టుబడి కంపెనీ కొన్నది. ప్రకటనను మాత్రమే చూసి కుడివైపు రాసుకున్నవారు, ఆ వరుసను కొట్టేసి కేకేఆర్ పేరు వేసుకోవాలి.