వేట నిషేధ భృతి: బోట్ల లెక్క రోజే అసలు దరఖాస్తు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, తూర్పు తీరంలో ఇంజను బిగించిన ఏ బోటూ వేటకు వెళ్లకూడదు. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు రాష్ట్ర ప్రభుత్వం, అది దాటిన లోపలి సముద్రానికి కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వులు ఇస్తాయి. తల్లి చేపలు, తల్లి రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో వలలకు విరామం ఇస్తే తరువాతి నెలల్లో వేట బాగుంటుందన్న ఆలోచనతో 2015 నుంచి ఈ విరామాన్ని 61 రోజులు చేశారు. సముద్రం పచ్చగా ఉండడం కోసం కళాసీ, అంటే బోటు మీద పనిచేసే మనిషి, రెండు నెలల కూలి వదులుకుంటున్నాడు గనుక ఆ రెండు నెలలు అతని ఇంట్లో పొయ్యి వెలిగేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిదే. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి పది వేల రూపాయలుగా ఉన్న భృతిని 2025లో ‘మత్స్యకార సేవలో’ అన్న పేరుతో 20,000 రూపాయలకు పెంచారు.

కొత్తపట్నం, పాకల మొదలుకొని తుమ్మలపెంట, ఇస్కపల్లి, మైపాడు వరకు ఏ మత్స్యకార పాలెంలో అడిగినా, డబ్బు పడిన వారంలో వినిపించే మాట ఒకటే: ఒకే బోటు మీద వేటకు వెళ్లే ఇద్దరిలో ఒకరికి వచ్చింది, మరొకరికి రాలేదు. అటువంటివారి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవంతో చెబుతున్నాను. నేను చూసినంతలో పొరపాటు వయసు దగ్గరో, బ్యాంకు దగ్గరో జరిగినవి తక్కువ. ఎక్కువ భాగం బోట్ల లెక్క రోజున, అంటే మత్స్యశాఖ సిబ్బంది ఒడ్డుకు వచ్చి బోట్లను, వాటి మీద పనిచేసే మనుషులను నమోదు చేసుకునే రోజున జరిగినవే.

సులువైన సంగతులు ముందే చెప్పుకుందాం. వేటకు వెళ్లే మనిషికి 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసు ఉండాలి. ఆధార్ కార్డు, బియ్యం కార్డు, బ్యాంకు పాస్ పుస్తకం, ఫోను నంబరు దగ్గర ఉంచుకోవాలి. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పుగా ఉంటే దానిని ఫిబ్రవరిలోనే సరిచేయించుకోవాలి, ఎందుకంటే ఏప్రిల్‌లో మొదలుపెడితే సమయం చాలదు.

ఇక అసలు విషయానికి వస్తే, చాలామంది గ్రామ సచివాలయంలో జిరాక్సు కాగితాలు ఇచ్చి దరఖాస్తు అయిపోయిందని ఇంటికి వెళ్లిపోతారు. ఈ పథకానికి దరఖాస్తు ఒడ్డు మీద జరుగుతుంది. నిషేధం మొదలయ్యాక గ్రామ మత్స్య సహాయకుడు, పై అధికారులు పాలేనికి వచ్చి బోటు నిజంగా ఒడ్డున ఉన్నదా, దాని మీద రాసిన నంబరు రిజిస్ట్రేషన్ పత్రంలోని నంబరుతో కలుస్తున్నదా, వేట లైసెన్సు గడువు ఉన్నదా అని చూస్తారు. ఆ తరువాత బోటు యజమాని తన కళాసీల పేర్లు చెబుతాడు. బోటు రకాన్ని బట్టి ఒక్కో బోటుకు ఇంతమంది అన్న పరిమితి ఉంటుంది గనుక యజమాని చెప్పని పేరు ఆ జాబితాలో చేరే దారి దాదాపు లేదు. 2025లో నిషేధం మొదలైన పన్నెండో రోజునే, ఏప్రిల్ 26న, భృతి విడుదలైంది. ఇంత తక్కువ వ్యవధిలో ఒకసారి తప్పిపోయిన పేరును మళ్లీ ఎక్కించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువమంది తట్టుకుని పడే రాయి రిజిస్ట్రేషన్ పత్రం. మన తీరంలో ఫైబర్ బోట్లు చేతులు మారడం మామూలే. కొన్నవారు స్టాంపు కాగితం మీద రాయించుకుని, ఇంజను మార్చి, రంగు వేసి, వేటకు వెళుతూనే ఉంటారు గాని ‘ఐఎన్‌డీ–ఏపీ’ అని మొదలయ్యే ఆ నంబరు ఎవరి పేరు మీద ఉన్నదో పట్టించుకోరు. సముద్రంలో అడిగేవారు తక్కువ కాబట్టి ఏడాదంతా గడిచిపోతుంది, లెక్క రోజున మాత్రం చిక్కు వస్తుంది. ఒక పాలెంలో నలుగురు కళాసీలున్న బోటును దాని యజమాని పక్క జిల్లా నుంచి ఆగస్టులో కొన్నాడు. బోటు కళ్లెదుట ఒడ్డున ఉన్నా, ఆన్‌లైన్‌లో పాత యజమాని పేరే కనిపించడంతో దానిని పెండింగులో పెట్టారు. పాత యజమాని సమ్మతి పత్రం వచ్చేసరికి గడువు ముగిసింది. ఆ నలుగురి ఇళ్లకు రావలసిన 80,000 రూపాయలు ఆ ఏడాదికి రాలేదు. అందులో ఏ ఒక్క కళాసీ చేసిన తప్పూ లేదు, వారికి ఆ కాగితం సంగతే తెలియదు.

అందుచేత బోటు కొన్న నెలలోనే మత్స్యశాఖ కార్యాలయంలో పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టుకోవాలి. బోట్ల రిజిస్ట్రేషన్లు ఇప్పుడు ‘రియల్‌క్రాఫ్ట్’ అనే కేంద్ర పోర్టల్ ద్వారా జరుగుతున్నాయి. అమ్మకం పత్రం, పాత యజమాని సమ్మతి, అసలు రిజిస్ట్రేషన్ పత్రం, బోటు మీద బ్యాంకు అప్పు ఉంటే అది తీరినట్టు బ్యాంకు ఇచ్చిన పత్రం సిద్ధం చేసుకోవాలి. అమ్మినవాడు డబ్బు తీసుకున్న రోజు ఎంత సులువుగా సంతకం పెడతాడో ఆరు నెలలు గడిచాక అంత సులువుగా దొరకడు గనుక బేరం కుదిరిన పూటే ఆ సంతకాలన్నీ తీసుకోవడం మంచిది. కళాసీలు కూడా మొహమాటపడకుండా తమ బోటు పత్రం ఒక్కసారి చూపించమని యజమానిని అడగాలి. యజమానిని అనుమానిస్తున్నట్టు అవుతుందేమోనని వెనకాడవద్దు, తమ 20,000 రూపాయలు ఆ కాగితం మీదే ఆధారపడి ఉన్నాయి.

లెక్క రోజున మరికొన్ని చిక్కులు కూడా ఎదురవుతాయి. బోటు మరమ్మతు కోసం మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) లోపల ఉంటే, సిబ్బంది వెళ్లిపోకముందే వారిని అక్కడికి తీసుకువెళ్లి చూపించాలి. మన పాలేల నుంచి నిజాంపట్నం వంటి హార్బర్లకు వెళ్లి పనిచేసేవారి పేరు, వారి బోటు ఏ ఒడ్డున లెక్కకు వస్తే అక్కడే చేరుతుంది గాని సొంత ఊళ్లో చేరదు. ఈ సంగతి తెలియక రెండు చోట్లా పేరు లేకుండా పోయినవారు ఉన్నారు. దీనికి విరుద్ధంగా, వస్తే ఒకచోటైనా వస్తుందని రెండు బోట్లలో పేరు రాయించుకున్నవారికి ఆధార్ నంబరు రెండుసార్లు కనిపించి రెండూ ఆగిపోయే ప్రమాదం ఉంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏ బోటు మీద వేటకు వెళ్లారో ఆ బోటులోనే రాయించుకోవాలి. ఒకవేళ యజమాని మీ పేరు వదిలి తన బంధువు పేరు చేర్చాడని తెలిస్తే, ఊరి కాపుల (పాలెం పెద్దల) సమక్షంలో ఆ పూటే తేల్చుకోవాలి. సిబ్బంది ఇంకా పాలెంలో ఉండగానే చెబితే సరిచేయడానికి వీలుంటుంది.

లెక్క పూర్తయ్యాక పేర్లను ఇతర ప్రభుత్వ వివరాలతో సరిపోల్చి, అర్హుల జాబితాను, అనర్హుల జాబితాను సచివాలయంలో అంటిస్తారు. జాబితాలో పేరు లేనివారు దాని పక్కన రాసిన కారణాన్ని తప్పక చదివించుకోవాలి. ఈ సరిపోలికలో కరెంటు వాడకం, పేరు మీదున్న కారు కూడా చూస్తారు గనుక, తన ఇంట్లో అద్దెకున్నవారు వాడిన కరెంటు, ఎప్పుడో అమ్మేసిన కారు ఒక మనిషి పేరు మీద ఉండిపోయి అడ్డుపడిన సందర్భాలు ఉన్నాయి. వాటిని విద్యుత్ శాఖ, రవాణా శాఖ కాగితాలతో సరిచేయించుకోవచ్చు గనుక అనర్హుడని రాసి ఉండడం చూసి ఆశ వదులుకోనక్కరలేదు. డబ్బు మాత్రం ఆధార్‌కు చివరిగా అనుసంధానమైన ఖాతాలోనే పడుతుంది. పాస్ పుస్తకం ఇచ్చిన ఖాతాలో కనిపించకపోతే కంగారుపడకుండా, ఆధార్ ఏ బ్యాంకుకు అనుసంధానమై ఉన్నదో ముందు సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఈ నమోదుకు ఎక్కడా ఒక్క రూపాయి రుసుము లేదు. జాబితాలో పేరు ఎక్కిస్తానని చెప్పి డబ్బు పడ్డాక సగం తీసుకునేవారు, ముందుగానే రెండు వేలు అడిగేవారు ప్రతి ఏడాది పాలేల్లో తిరుగుతుంటారు. ఒడ్డున బోటు, చేతిలో పత్రం, యజమాని నోట మీ పేరు ఉంటే ఆ దళారీ చేయగలిగింది ఏమీ లేదు. ఆ మూడింటిలో ఏది లేకున్నా అతని వల్ల అయ్యేదీ ఏమీ లేదు. ఫోనుకు వచ్చిన ఓటీపీని అతనికి చెప్పవద్దు, వేలిముద్రను సచివాలయ సిబ్బంది దగ్గర తప్ప మరెక్కడా వేయవద్దు.

నిషేధ కాలంలో దొంగచాటుగా వేటకు వెళ్లి పట్టుబడితే బోటును, చేపలను స్వాధీనం చేసుకోవడమే గాక డీజిల్ రాయితీ, ఈ భృతి రెండూ నిలిచిపోతాయి. యజమాని చేసిన పనికి కళాసీలు కూడా నష్టపోతారు. ఇక్కడ ఒక లోటు గురించి చెప్పకుండా ఉండలేను. రోజూ తెల్లవారుజామున ఒడ్డున చేపలు కొని, తలమీద గంపతో ఊళ్లు తిరిగి అమ్మే ఆడవాళ్లకు ఈ రెండు నెలలు అదే నష్టం కలిగినా, వారు బోటు మీద వెళ్లరు గనుక ఈ లెక్కలోకి రారు. భర్త లేని ఇళ్లలో ఈ లోటు మరీ కనిపిస్తుంది. నిషేధం సముద్రానికి ఎంత అవసరమో, వారికి కూడా ఒక దారి చూపడం అంతే అవసరమని నా అభిప్రాయం.

అర్హత ఉండి కూడా డబ్బు రానివారు సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు, లేదా 1100 నంబరుకు ఫోను చేయవచ్చు. ‘నాకు భృతి రాలేదు’ అని మాత్రమే రాసిన అర్జీ తిరిగి అదే పాలేనికి వచ్చి ఆగిపోతుంది. బోటు నంబరు, యజమాని పేరు, ఏ తేదీన ఏ ఒడ్డున లెక్క జరిగింది, ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా, అనర్హుల జాబితాలో ఏ కారణం రాశారు అన్నవి వరుసగా రాసి, బోటు పత్రం జిరాక్సు జతచేసి, అర్జీ నంబరున్న రసీదు తీసుకోవాలి. జూన్ 14 దాటాక బోటు వేటకు బయలుదేరితే విచారణకు వచ్చినవారికి కళాసీ దొరకడు కాబట్టి, ఆ రసీదును, కాగితాలను ఇంట్లో ఒకరికి అప్పగించి, ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలో వివరించి వెళ్లాలి.