థాంక్స్‌గివింగ్ భోజనం మీ ఇంట్లోనా? శనివారం రాత్రే పని మొదలుపెట్టండి

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, అంటే కృతజ్ఞతలు చెప్పుకునే పండుగ. 2026లో అది 26వ తేదీన వస్తుంది. (కెనడాలో అక్టోబరు రెండో సోమవారమే అయిపోతుంది.) ఏటా ఎవరో పిలిస్తే వెళ్లి భోంచేసి వచ్చిన తెలుగు కుటుంబాలు ఏదో ఒక ఏడు తామే పది మందిని పిలవాలనుకుంటాయి. ఈ భోజనంలోని వంటలు విడివిడిగా చూస్తే ఏదీ కష్టం కాదు. చిక్కల్లా ఇంట్లో ఉండేది ఒకే అవెన్, ఒకే ఫ్రిజ్. పైగా ఆ రోజు చాలా దుకాణాలు మూసేస్తారు, మరచిపోయిన వస్తువు కోసం పరిగెత్తే వీలుండదు. అందుకే ఇక్కడ వంటకంటే ముందు లెక్క చెబుతున్నాం.

టర్కీ ఎంత కొనాలి

ఈ విందులో ముఖ్యమైనది అవెన్‌లో కాల్చే టర్కీ కోడి. దాన్ని తినేవాళ్లనే లెక్కపెట్టండి. ఎముకతో కలిపి మనిషికి పౌండు నుంచి పౌండున్నర చాలు. పది మందిలో ముగ్గురు శాకాహారులుంటే 10 నుంచి 12 పౌండ్ల టర్కీ సరిపోతుంది, మర్నాటికి కొంత మిగులుతుంది కూడా. పెద్దది చవగ్గా వస్తోందని 20 పౌండ్లది తేవద్దు. అది ఫ్రిజ్‌లో పట్టదు, కరగడానికి మరో రెండు రోజులు తీసుకుంటుంది, తొడ ఉడికేసరికి రొమ్ము మాంసం పీచులా ఎండిపోతుంది.

కొనేటప్పుడు లేబుల్ చదవండి. ఉప్పునీటి ద్రావణం ఎక్కించిన పక్షి అయితే దాని మీద ఆ శాతం రాసి ఉంటుంది. అలాంటిదానికి మళ్లీ పూర్తి ఉప్పు పట్టిస్తే గ్రేవీ కూడా నోట పెట్టలేనంత ఉప్పగా తయారవుతుంది.

గడ్డ కట్టిన టర్కీ కరగడం

ఎక్కువ ఇళ్లలో భోజనం తప్పేది ఇక్కడే. ఫ్రిజ్‌లో ప్రతి 4, 5 పౌండ్లకు 24 గంటలు పడుతుంది. 12 పౌండ్లదానికి మూడు రోజులు. శనివారం రాత్రి ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ అడుగు అరలో, అంచులున్న పళ్లెంలో పెట్టండి. నీరు కారినా కింద కూరగాయల మీద పడదు. బుధవారం పొద్దుటికి చేతికి మెత్తగా తగులుతుంది. కరిగాక ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉన్నా ఏమీ కాదు.

రాత్రంతా వంటగది గట్టు మీద వదిలేయడం మాత్రం ప్రమాదం. లోపల ఇంకా మంచుగడ్డలా ఉండగానే పైభాగం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోయి, అక్కడ సూక్ష్మజీవులు పెరగడం మొదలుపెడతాయి. బుధవారం రాత్రికి కూడా గడ్డగానే ఉంటే కవరు చిరగకుండా చన్నీళ్లలో ముంచండి. పౌండుకు అరగంట లెక్క, 12 పౌండ్లకు 6 గంటలు. ప్రతి అరగంటకూ నీళ్లు మార్చాలి, కరగగానే వండేయాలి. గురువారం పొద్దున మధ్యలో కాస్త మంచు మిగిలినా కంగారు పడకండి. అలాగే అవెన్‌లో పెట్టవచ్చు, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది.

కడగొద్దు, ఉప్పు పట్టించండి

కోడిని పసుపు, ఉప్పు వేసి నాలుగు నీళ్లలో కడగడం మన ఇళ్లలో అలవాటు. టర్కీ విషయంలో దాన్ని పక్కన పెట్టాల్సిందే. సింకులో ఇంత పెద్ద పక్షిని కడిగితే చిందిన నీళ్లతో సూక్ష్మజీవులు గట్టు మీదకీ, పక్కనున్న గిన్నెల మీదకీ చేరతాయి. వాటిని చంపేది అవెన్ వేడే. పేపర్ టవల్‌తో తడి ఒత్తేస్తే చాలు.

లోపల చేయి పెట్టి చూడండి. మెడ, కాలేయం, గుండె, కందనకాయ కట్టిన చిన్న సంచి పొట్టలో గానీ మెడ దగ్గర చర్మం కింద గానీ ఉంటుంది. తొలిసారి వండేవాళ్లు దాన్ని మరచిపోయి అలాగే కాల్చేస్తుంటారు. మెడ, గుండె, కందనకాయ గ్రేవీకి నీళ్లు మరిగించడానికి పనికొస్తాయి.

బుధవారం పొద్దున 12 పౌండ్ల టర్కీకి 3 టేబుల్ స్పూన్ల కోషర్ ఉప్పు (పెద్ద పలుకుల ఉప్పు), 2 టీ స్పూన్ల మిరియాల పొడి కలిపి లోపలా బయటా రాయండి. సన్న ఉప్పు అయితే సగం చాలు. ద్రావణం ఎక్కించిన పక్షి అయితే మిరియాలు మాత్రమే. మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉప్పు ఒక రాత్రిలో కండలోకి దిగుతుంది, చర్మం ఆరుతుంది. చర్మం ఆరితేనే కరకరలాడుతుంది.

మన మసాలా రుచి కావాలా? తందూరీ కోడికిలా పెరుగు పట్టిస్తే చర్మం మెత్తబడి, మూడు గంటల వేడికి అక్కడక్కడా మాడుతుంది. చర్మం పైన పూసిన అల్లం వెల్లుల్లి ముద్ద అయితే నల్లబడి చేదెక్కుతుంది. దాని బదులు 100 గ్రాముల మెత్తటి వెన్నలో ఒక టేబుల్ స్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద, 2 టీ స్పూన్ల ధనియాల పొడి, ఒక టీ స్పూన్ గరం మసాలా కలిపి, రొమ్ము మీది చర్మాన్ని వేళ్లతో మెల్లగా వదులు చేసి ఆ చర్మం కింద పూయండి. మసాలా మాడదు, వెన్న కరిగి మాంసాన్ని తడిగా ఉంచుతుంది.

గురువారం గడియారం

భోజనం మధ్యాహ్నం 3కి అనుకుందాం. పదిన్నర లోపే అవెన్‌ను 325 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు పెట్టండి. 10.45కి టర్కీ లోపలికి. 12 పౌండ్లకు సుమారు మూడు గంటలు. రొమ్ము త్వరగా ఎర్రబడితే దాని మీద మాత్రమే అల్యూమినియం ఫాయిల్ కప్పండి.

గడియారం అంచనాకే, తీర్పు థర్మామీటరుదే. పదిహేను, ఇరవై డాలర్లకు దొరికే డిజిటల్ థర్మామీటరు లేకుండా ఈ పనికి దిగవద్దు. రొమ్ములో మందమైన చోట, తొడ లోపలి వైపు గుచ్చి చూడండి. రెండు చోట్లా 165 డిగ్రీలు రావాలి. ముల్లు ఎముకకు తగిలితే అంకె తప్పు చూపిస్తుంది. టర్కీతో పాటు గుచ్చి అమ్మే ప్లాస్టిక్ మీటను నమ్మకండి. రసం తేటగా కారుతోందన్నది కూడా రుజువు కాదు.

రొట్టె ముక్కల స్టఫింగ్‌ను టర్కీ పొట్టలో కూరకండి. దాని నడుమ భాగం కూడా 165కు చేరాలి, ఆలోపు రొమ్ము ఎండిపోతుంది. వేరే పళ్లెంలో, కూరగాయలు మరిగించిన నీళ్లతో చేస్తే శాకాహారులూ తినవచ్చు.

1.45కి టర్కీ బయటికి వస్తుంది. కనీసం అరగంట కదపకుండా ఉంచాలి. వెంటనే కోస్తే రసమంతా చెక్క మీదికి కారిపోతుంది. ఖాళీ అయిన అవెన్‌లో 350 డిగ్రీల దగ్గర స్టఫింగ్, బీన్స్, చిలగడదుంపల పళ్లేలు పెట్టండి. ఈలోపు పొయ్యి మీద గ్రేవీ: పళ్లెంలో కారిన కొవ్వు 4 టేబుల్ స్పూన్లు, అంతే మైదా, సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, 2 కప్పుల వేడి నీళ్లో మరిగించిన రసమో కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పాలి. ఒక్కసారే కుమ్మరిస్తే ఉండలు కడుతుంది. శాకాహారులకు ఇదే కొలతతో వెన్నలో, పుట్టగొడుగులు మరిగించిన నీళ్లతో వేరే గిన్నెలో చేయండి.

ఆలుగడ్డలను చన్నీళ్లలోనే వేసి ఉడికించి, చేత్తో మెదపండి. మిక్సీలో వేస్తే పిండిపదార్థం విడిపోయి జిగురులా సాగుతుంది.

శాకాహారులు చూసుకోవాల్సినవి

పైకి మాంసం కనపడదు, లోపల ఉంటుంది. చిలగడదుంపల మీద కాల్చే మార్ష్‌మాలోల్లో జెలటిన్ ఉంటుంది. పెట్టెలో వచ్చే స్టఫింగ్‌లో తరచూ కోడి రసం, పై (pie) చేయడానికి కొనే కొన్ని పిండి పెంకుల్లో పంది కొవ్వు కలుస్తాయి. వూస్టర్‌షైర్ సాస్‌లో సాధారణంగా చేపలుంటాయి. పంప్‌కిన్ పైలో గుడ్లు తప్పవు కాబట్టి గుడ్డు తినని పెద్దవాళ్లకు గుమ్మడికాయ హల్వా చేసి పెట్టడం మర్యాద. ప్రతి గిన్నె ముందూ చీటీ, ప్రతి గిన్నెకూ వేరే గరిటె పెట్టండి. పిలిచేటప్పుడే ఎవరెవరు ఏం తినరో అడిగేస్తే, అతిథి అందరి ముందూ మొహమాటపడుతూ అడగాల్సిన అవసరం రాదు.

పంప్‌కిన్ పై బుధవారం రాత్రే కానిచ్చేయాలి. 15 ఔన్సుల డబ్బా గుమ్మడి గుజ్జు, 12 ఔన్సుల ఎవాపరేటెడ్ మిల్క్, ముప్పావు కప్పు చక్కెర, 2 గుడ్లు, అర టీ స్పూన్ ఉప్పు, ఒక టీ స్పూన్ దాల్చినచెక్క పొడి, అర టీ స్పూన్ శొంఠి, పావు టీ స్పూన్ లవంగాల పొడి. అన్నీ కలిపి పిండి పెంకులో పోసి 425 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు, తర్వాత 350 దగ్గర 40 నుంచి 50 నిమిషాలు. నడుమ ఇంకా కాస్త వణుకుతుండగానే తీసేయండి. పూర్తిగా గట్టిపడేదాకా ఉంచితే చల్లారాక నెర్రెలు విచ్చుతుంది.

క్రాన్‌బెర్రీ పులిహోర, పప్పు

అమెరికా తెలుగు వంటిళ్లలో ఈ పండు ఎప్పుడో మనదైపోయింది. పుల్లగా, కాస్త వగరుగా ఉండే క్రాన్‌బెర్రీ చింతపండు చేసే పని చేస్తుంది. పులిహోరకు 2 కప్పుల బియ్యం పొడిపొడిగా వండుకోండి. కప్పున్నర క్రాన్‌బెర్రీలను కచ్చాపచ్చాగా దంచండి. 4 టేబుల్ స్పూన్ల నూనెలో పల్లీలు, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు, 5 పచ్చిమిర్చి వరసగా వేగాక పసుపు, దంచిన పండు, ఉప్పు వేసి నూనె తేలేదాకా మగ్గించి అన్నంలో కలపండి. వగరు ఎక్కువనిపిస్తే చెంచాడు బెల్లం. ఒక రాత్రి ఊరితే రుచి పెరిగే వంట కాబట్టి బుధవారమే చేసుకోవచ్చు.

పప్పుకు మాత్రం పండును కందిపప్పుతో కలిపి కుక్కర్‌లో వేయకండి. పులుపు తగిలితే పప్పు సరిగా మెత్తబడదు. వేరుగా మగ్గించి చివర్లో కలపాలి.

కృతజ్ఞత చెప్పే అరగంట

టర్కీ చల్లారే ఆ అరగంటే దీనికి సరైన సమయం. అన్నం వడ్డించాక మాట్లాడించడం మొదలుపెడితే కూరలు చల్లారతాయి, పిల్లలు నసపెడతారు.

మన ఇళ్లలో "మనలో మనకు థాంక్స్ ఏంటి" అంటాం. అమ్మకు ధన్యవాదాలు చెబితే ఆమె నొచ్చుకుంటుంది. ఆ మొహమాటం వెనక ప్రేమ ఉంది, కానీ దానివల్ల చెప్పాల్సిన మాట ఏళ్ల తరబడి గొంతులోనే ఉండిపోతుంది. అందుకని "మీరు దేనికి కృతజ్ఞులు?" అని అడగకండి. ఆరోగ్యం, కుటుంబం, దేవుడు అని అందరూ ఒకే జవాబిస్తారు. "ఈ ఏడు మీకు చేయి అందించింది ఎవరు?" అని అడగండి. జవాబులో మూడు సంగతులు రావాలి: ఎవరు, ఏం చేశారు, దానితో ఏం కుదుటపడింది. "ప్రసవమప్పుడు పక్కింటావిడ పది రోజులు పెద్దాడిని బడికి దింపింది, నేను నిద్రపోగలిగాను" అన్న ఒక్క వాక్యం చాలు. ఇంటివాళ్లు ముందు మాట్లాడి, నిమిషంలో ముగిస్తే మిగతావాళ్లకు దారి దొరుకుతుంది. సిగ్గుపడేవాళ్లకు చీటీ, కలం ఇవ్వండి. ఎవరినీ బలవంతం చేయొద్దు. ఉద్యోగం పోయినవాళ్లో, ఆ ఏడే తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాళ్లో ఉంటే "ఉన్నదానికి సంతోషించాలి" అన్న మాట ఎవరి నోటా రానీయకండి. వాళ్ల పక్కన కూర్చుని ఆ పోయిన మనిషి గురించి అడిగి వినడం కూడా ఈ పండుగలో భాగమే.

పిల్లలకు కనుమను గుర్తు చేయండి. పంట ఇంటికొచ్చాక ఎద్దులను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, వాటికి మేత పెట్టే రోజది. ఎవరి శ్రమతో తిన్నామో వాళ్లను ముందు తలచుకోవడమన్నది వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఈ పండుగ కథను కూడా పూర్తిగా చెప్పండి. 1620లో ఇంగ్లండ్ నుంచి మేఫ్లవర్ ఓడలో వచ్చి ప్లిమత్‌లో స్థిరపడినవాళ్లలో దాదాపు సగం మంది తొలి చలికాలంలోనే చనిపోయారు. మొక్కజొన్న వేయడం నేర్పింది టిస్క్వాంటమ్ అనే ఇక్కడి మూలవాసి. 1621 పంట విందుకు అక్కడి మూలవాసి జాతి వాంపనోగ్‌ల నాయకుడు మసాసోయిట్ సుమారు 90 మందితో వచ్చాడు, వాళ్లు ఐదు జింకలు తెచ్చారు. ఆ తర్వాతి తరాల్లో ఆ జాతి భూములూ ప్రాణాలూ పోగొట్టుకుంది. అందుకే 1970 నుంచి ప్లిమత్‌లో ఇదే రోజున మూలవాసులు సంతాప దినం పాటిస్తున్నారు. లింకన్ 1863లో అంతర్యుద్ధం నడుమ ఈ పండుగను ప్రకటించాడు, నాలుగో గురువారమన్నది 1941 చట్టంతో స్థిరపడింది.

ఊళ్లో ఉన్న పెద్దవాళ్లకు పొద్దున్నే ఫోన్ చేయండి. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 8 అయితే ఇండియాలో సాయంత్రం 6.30, పశ్చిమ తీరంలో 8 అయితే రాత్రి 9.30. మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఆగితే వాళ్లు నిద్రలో ఉంటారు. సెలవులకు ఎటూ వెళ్లలేక గదిలో ఉండిపోయే విద్యార్థులు దగ్గర్లోని యూనివర్సిటీలో తప్పక ఉంటారు. ఇద్దరు ముగ్గురిని పిలవండి, కారు లేకపోతే మీరే వెళ్లి తీసుకురండి.

మిగిలినది

టర్కీని అవెన్ నుంచి తీసిన రెండు గంటల్లోపు మిగిలిన మాంసాన్ని ఎముక నుంచి తీసి, లోతు తక్కువ డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టండి. లోతైన గిన్నెలో నడుమ భాగం త్వరగా చల్లారదు. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, లేదా ఫ్రీజర్‌లోకి. విద్యార్థులకు ఇచ్చి పంపడానికి ముందుగానే మూతల డబ్బాలు కొని ఉంచుకోండి. ఎముకలను పారేయకుండా ఉల్లిపాయ, అల్లం, మిరియాలతో మునిగేదాకా నీళ్లు పోసి మూడు గంటలు సన్నసెగ మీద ఉంచి వడకట్టండి. శుక్రవారం ఆ రసంతో బియ్యం, మిగిలిన మాంసం ముక్కలు వేసి పలావు వండుకోవచ్చు. మాంసం ఇదివరకే ఉడికింది కాబట్టి దాన్ని చివరి ఐదు నిమిషాల్లోనే వేయండి.