హైడెల్‌బెర్గ్‌లో చదువుకు దిగగానే: గది, కాగితాలు, తిండి, తిరుగుడు

జర్మనీలోకెల్లా పాత విశ్వవిద్యాలయం ఇక్కడిదే, 1386 నాటిది. చలికాలం సెమిస్టర్ లెక్క ప్రకారం అక్టోబరు 1న మొదలైనా, క్లాసులు నెల మధ్యకి గానీ అందుకోవు. ఆ రెండు వారాల్లో కాగితాల పని తెమల్చుకోవాలి.

అడ్మిషన్ లెటర్ రాగానే ష్టుడీరెండెన్‌వెర్క్ (విద్యార్థుల వసతి, తిండి చూసే సంస్థ) వాళ్ల హాస్టల్‌కి అప్లై చెయ్యండి. సైన్సు, మెడిసిన్ వాళ్ల క్లాసులు ఎక్కువగా నది అవతల నోయెన్‌హైమర్ ఫెల్డ్‌లో, సాహిత్యం, చరిత్ర వాళ్లవి పాత ఊళ్లో. గది వెతికేటప్పుడే అది చూసుకోండి. ప్రైవేటు గదైతే అడ్వాన్సు పంపేముందు "అన్‌మెల్డుంగ్‌కి (అడ్రస్ నమోదుకి) కాగితం ఇస్తారా?" అని అడగండి. ఇల్లు మారిన రెండు వారాల్లోగా సిటీ ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దానికి ఓనరు సంతకం చేసిన కాగితం, పాస్‌పోర్టు కావాలి. నమోదు కాకపోతే ట్యాక్స్ నంబరు దగ్గర్నుంచి అన్నీ ఆగిపోతాయి. ఓనరు ఆ కాగితం ఇవ్వనంటే ఆ గది ఎంత చవకైనా వద్దు.

చాలామంది మరిచిపోయేది పోస్టు డబ్బా. దాని మీద మీ పేరు లేకపోతే అడ్రస్ సరిగ్గా ఉన్నా ఉత్తరం వెనక్కి పోతుంది. బ్యాంకు పిన్ను, ఇన్సూరెన్స్ కార్డు వచ్చేది పోస్టులోనే. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతో చీటీ రాసి దిగిన రోజే డబ్బాకి అంటించండి.

టైంటేబుల్లో "9 సి.టి." అని ఉంటే క్లాసు 9:15కి. "ఎస్.టి." అని ఉంటే సరిగ్గా 9కే.

మధ్యాహ్నం తిండికి మార్‌ష్టాల్ మెన్సా (విద్యార్థుల క్యాంటీన్) మంచిది. బఫేలో ప్లేటుని తూకం వేసి డబ్బు తీసుకుంటారు, కాబట్టి బంగాళాదుంపలూ గ్రేవీ గుట్టగా పోసుకుంటే బిల్లు పెరుగుతుంది. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పాలు, కూరగాయలు శనివారమే తెచ్చుకోండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్ల డిపాజిట్ ఉంటుంది, సీసా తిరిగిస్తే వెనక్కి వస్తుంది. నలిపేస్తే మిషను లేబుల్ చదవలేకపోవచ్చు.

కోట తోట, అక్కడి నుంచి ఊరు చూడటం ఉచితం. లోపలి ప్రాంగణానికి టికెట్ ఉంది. అందులోనే కింది కొండరైలు, సుమారు 2.2 లక్షల లీటర్లు పట్టే 1751 నాటి ద్రాక్షసారా పీపా, ఫార్మసీ మ్యూజియం కలిసి వస్తాయి. స్టూడెంట్ కార్డు చూపిస్తే తగ్గింపు. పైన కోనిగ్‌ష్టూల్ కొండ దాకా వెళ్లాలంటే మాత్రం టికెట్ వేరే.

కోటకన్నా ముందు చూడాల్సింది విద్యార్థుల జైలు. 1778 నుంచి 1914 దాకా రాత్రిళ్లు గోల చేసినందుకూ, తాగి అల్లరి చేసినందుకూ కుర్రాళ్లని అక్కడ ఉంచేవారు. గోడల నిండా వాళ్లు గీసుకున్న బొమ్మలే.

నది అవతలి కొండ మీది ఫిలాసఫర్ల బాటకి సాయంత్రం వెళ్లండి, ఎదురుగా కోట మీద ఎండ పడుతుంది. పాత వంతెన దాటగానే ష్లాంగెన్‌వేగ్ మెట్లు దగ్గరి దారి, కానీ నిటారు, వానకి రాళ్లు జారతాయి. తడి రోజున నోయెన్‌హైమ్ వైపు రోడ్డు మీదుగా ఎక్కండి.