అభిమానులు గీసిన వండర్ వుమన్ బొమ్మను ఎలా చూడాలి?

హైదరాబాద్ హైటెక్స్‌లో కామిక్స్ అభిమానుల మేళా కామిక్ కాన్ జరిగేటప్పుడు, బొమ్మలు వేసినవాళ్లు తమ ప్రింట్లు అమ్ముకునే ఆర్టిస్ట్ ఆలీలో ఏ టేబుల్ దగ్గరైనా కాసేపు నిలబడండి, తిప్పి తిప్పి అవే మాటలు వినిపిస్తాయి. ‘సూపర్ ఉంది బ్రో’, ‘గాల్ గాడోట్ పోలిక రాలేదు’, ‘కాస్ట్యూమ్ ఇది కాదు కదా’, ‘ఎంత? తగ్గించవా?’ గాల్ గాడోట్ అంటే సినిమాలో వండర్ వుమన్‌గా వేసిన నటి. ఈ నాలుగూ అయ్యేలోపే జనం పక్క టేబుల్‌కి జరిగిపోతారు. బొమ్మను చూసినవాళ్లు ఒక్కరూ ఉండరు. తమకు తెలిసిన వండర్ వుమన్ అందులో ఉందో లేదో సరిచూసుకుని వెళ్లినవాళ్లే అందరూ.

ఫ్యాన్ ఆర్ట్ చూడడం కూడా నేర్చుకుంటే వచ్చే పనే. నాకు ఇష్టమైన కామిక్స్ సూపర్‌హీరోయిన్ కాబట్టి వండర్ వుమన్‌ని తీసుకుని చెబుతున్నాను. మీ హీరోయిన్ ఇంకొకరైనా పద్ధతి మారదు.

1. ముందు కావలసినవి

పగటి వెలుతురు, ఫోన్ కన్నా పెద్ద తెర, పది నిమిషాల తీరిక. ఇంతే. ఫోన్‌లో చూడొద్దు, అందులో ఇంకు గీతలన్నీ ఒకే మందంలో కనిపిస్తాయి. చేతిలో ప్రింట్ ఉంటే అంచులు పట్టుకుని, లైటు మెరుపు పడకుండా కొంచెం వంచి చూడండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నలుపు తెలుపు ఇంకు బొమ్మలతోనే మొదలుపెట్టాలి. రంగులు బలహీనమైన గీతను దాచేస్తాయి. కళ్లు ఇంకుకి అలవాటు పడ్డాకే రంగుల బొమ్మలకి వెళ్లాలి.

2. వేసిందెవరో కనుక్కోండి

పింటరెస్ట్‌లో, వాట్సాప్‌లో తిరిగే బొమ్మల్లో చాలావాటికి వేసినవాళ్ల పేరుండదు. మూలన సంతకం ఉందేమో చూడండి. లేకపోతే గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకండి. అసలు పేజీ దొరికితే అదే చేయి వేసిన మరో అయిదారు బొమ్మలు కూడా చూడండి, ఇది తర్వాత చాలా అవసరపడుతుంది. ఎవరు వేశారో తెలియని బొమ్మను నేను దాచుకోను, మీరూ దాచుకోకండి.

3. ముఖం వదిలేసి మిగతాది చూడండి

మొదటి రెండు నిమిషాలు ముఖం వైపు చూడకూడదు. ముఖం చూస్తే చాలు, మనసు సినిమాకి వెళ్లిపోతుంది. పాదాల దగ్గర మొదలుపెట్టండి. బరువు ఏ కాలి మీద ఉంది? ఆ కాలి వైపు నడుము కొంచెం పైకి లేచిందా? తర్వాత చేతులు. డయానా (వండర్ వుమన్ అసలు పేరు) చేతుల్లో ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది, తాడో డాలో కత్తో. వేళ్లు దాన్ని నిజంగా పట్టుకున్నాయా, ఊరికే ఆనించి ఉన్నాయా?

ఆ తర్వాత బంగారు తాడు. దాని ఒక కొస దగ్గర మొదలుపెట్టి రెండో కొస దాకా కంటితో వెంబడించండి. దేని ముందు నుంచి పోతోంది, దేని వెనక్కి దూరుతోంది, ముడి ఎక్కడ పడింది, అంతా తేలాలి. చేత్తో ఆలోచించి గీసినవాళ్ల తాడు చివరిదాకా లెక్క తప్పదు. ఏఐతో పుట్టించిన బొమ్మల్లో చాలాసార్లు ఆ తాడు నడుము వెనక్కి వెళ్లి మళ్లీ బయటికి రాదు, లేదా ఒక్క తాడు రెండుగా బయటికొస్తుంది. గంటలో వంద బొమ్మలు పైకి తోసుకుంటూ లైకులు కొట్టేవాళ్లకి ఇది ఎప్పటికీ కనపడదు. రోజుకి ఒక్క బొమ్మ చాలు.

4. ఇది మార్పా, పొరపాటా?

మిగతా పనులన్నీ ఎవరైనా చేసేస్తారు. చూసేవాళ్లందరూ బోల్తాపడేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మీకు తెలిసిన వండర్ వుమన్‌కీ ఎదురుగా ఉన్న బొమ్మకీ ఏదో ఒక తేడా కనిపిస్తుంది. వెంటనే నోటికొచ్చే మాట ‘తప్పు’. ఆ మాటని అక్కడే ఆపాలి. ఆ తేడా కావాలని చేసిన మార్పు కావచ్చు, చేయి తడబడి వచ్చిన పొరపాటూ కావచ్చు. ఏది ఏదో తేల్చుకోకుండా మీరేం మాట్లాడినా, పొగిడినా సరే, దారి తప్పుతుంది. పొరపాటుని ‘స్టైల్’ అని మెచ్చుకునేవాళ్లు కూడా తక్కువేం కాదు.

మొదటి పరీక్ష, ఆ తేడా పాత కామిక్స్‌లో ఎక్కడైనా ఉందేమో చూడడం. ‘ఒరిజినల్‌లా లేదు’ అనేవాళ్లు చెప్పే ఒరిజినల్ చాలావరకు 2017 సినిమా. డయానా మొదట కనిపించింది 1941లో, ‘ఆల్ స్టార్ కామిక్స్’ 8వ సంచికలో. కథ విలియం మౌల్టన్ మార్స్టన్‌ది, బొమ్మలు హెచ్.జి. పీటర్‌వి. అప్పుడు ఆమె నడుముకి తెల్ల నక్షత్రాల నీలిరంగు స్కర్టు, ఛాతీ మీద బంగారు గద్ద ఉండేవి. ఆ గద్ద స్థానంలో రెండు డబ్ల్యూల గుర్తు వచ్చింది 1982లో. 1968లో ఆమెకు శక్తులే తీసేశారు, తెల్ల సూటు వేసుకుని మామూలు మనిషిలా పోట్లాడింది. 1972 జులైలో అమెరికా స్త్రీవాద పత్రిక ‘మిస్’ (Ms.) తన ముఖచిత్రం మీద ఆమెను మళ్లీ పాత వేషంలోనే నిలబెట్టింది. 1987లో కామిక్స్ ఆర్టిస్టు జార్జ్ పెరెజ్ కథను మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టి గ్రీకు పురాణాలకి దగ్గర చేశాడు. 2010లో ఇంకో ఆర్టిస్టు జిమ్ లీ ఆమెకు ప్యాంటు, జాకెట్ తొడిగాడు. కాబట్టి జాకెట్‌తో ఉన్న డయానాని చూసి ‘ఇది వండర్ వుమన్ కాదు’ అన్నారంటే తెలియనిది మీకు, వేసినవాళ్లకి కాదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో పాత కామిక్స్ దొరుకుతుంటాయి. వేర్వేరు కాలాలవి రెండు మూడు కొనుక్కుని దగ్గర పెట్టుకోండి. ఇంటర్నెట్‌లో చూడడం కన్నా కాగితం మీద చూసిందే బాగా గుర్తుంటుంది.

తాడు సంగతి కూడా ఇంతే. నిజం చెప్పించే తాడు అని ఇప్పుడు అందరికీ తెలుసు. మొదటి కథల్లో ఆ తాడు చుట్టుకున్నవాళ్లు ఆమె ఏం చెబితే అది చేయాల్సిందే. నిజం చెప్పించడమే దాని అసలు పనిగా స్థిరపడింది తర్వాతి కాలంలో. మార్స్టన్ సైకాలజిస్టు, రక్తపోటు కొలిచి అబద్ధం పట్టుకునే పరీక్ష మీద పనిచేసినవాడు. ఒకరు ఆ తాడుని యుద్ధంలో ఆయుధంలా గీస్తారు, ఇంకొకరు మనిషిని కూర్చోబెట్టి మాట్లాడించే సాధనంలా గీస్తారు. రెండూ సరైనవే. ఆ బొమ్మ దేన్ని పట్టుకుందో మీరు గుర్తుపట్టాలి.

గొలుసుల విషయంలో మరీ జాగ్రత్త. డయానా చేతులకి సంకెళ్లున్న బొమ్మ కనిపించగానే ‘ఆమెను ఇంత బలహీనంగా చూపిస్తారా’ అని కోప్పడేవాళ్లని చూశాను. మార్స్టన్ కథల్లో ఒక నియమం ఉండేది. మగవాడు ఆమె బ్రేస్‌లెట్లకి గొలుసు తగిలిస్తే ఆమె బలం పోతుంది. సంకెళ్లు తెంచుకునే ఆడమనిషి బొమ్మ అంతకుముందే అమెరికాలో ఓటుహక్కు పోరాట కాలపు కార్టూన్లలో ఉంది. లూ రోజర్స్ అనే కార్టూనిస్టు 1912లో ‘జడ్జ్’ పత్రికలో కట్లు తెంచుకుంటున్న స్త్రీని గీసింది. పీటర్ కూడా ఆ పత్రికకి బొమ్మలు వేసినవాడే. అందుకని గొలుసు కనిపిస్తే మోచేతులు, భుజాలు చూడండి. గొలుసు బిగుసుకుని కండరం లాగుతోందా? ఏదైనా ఒక లింకు విచ్చుకుంటోందా? అయితే ఆ బొమ్మ తెంచుకోవడం గురించి. చేతులు వేలాడిపోయి, చూపు మనవైపు బతిమాలుతున్నట్టు ఉంటే అది వేరే రకం బొమ్మ, మీ కోపం సరైనదే.

రెండో పరీక్ష, ఆ తేడా బొమ్మలో ఒక్కచోటే ఉందా, ఇంకా ఎక్కడైనా దాని జాడ కనిపిస్తోందా అన్నది. నేను చూసిన ఒక బొమ్మ చెబుతాను. ఎంఎంటీఎస్ లోకల్ రైలు లేడీస్ పెట్టెలో డయానా హ్యాండిల్ పట్టుకుని నిలబడి ఉంటుంది. ఒంటి మీద పోచంపల్లి ఇక్కత్ చీర. పక్కన చూస్తున్న అబ్బాయి ‘చీర కట్టేస్తే వండర్ వుమన్ ఎట్లయితది’ అన్నాడు. అతను చీరని చూశాడు గానీ చీర మీదున్నదాన్ని చూడలేదు. నేత నీలం, అందులో తెల్ల నక్షత్రాలు. ఆ నక్షత్రాల అంచులు మెట్లు మెట్లుగా, కొంచెం చెదిరినట్టుగా ఉన్నాయి. నూలుకి ముందే రంగు అద్ది తర్వాత నేసే ఇక్కత్‌లో డిజైన్ అంచు అలాగే వస్తుంది. బార్డరు ఎరుపు, కొంగు చివర బంగారు రంగు గద్ద రెక్కలు విప్పుకుని ఉంది. తాళాల గుత్తి దోపుకునే చోట, నడుము దగ్గర, చుట్ట చుట్టిన తాడు. మణికట్టు మీది బ్రేస్‌లెట్ హ్యాండిల్ పట్టుకున్నందుకు మోచేతి వైపు కాస్త జారింది, దాని మీద తుపాకీ గుండ్లు తగిలి పడిన నొక్కులున్నాయి. 1941 నాటి నక్షత్రాలు, గద్ద, ఎరుపు, అన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా వదలకుండా చీరలోకి తెచ్చింది ఆ బొమ్మ వేసిన అమ్మాయి. ఇది మార్పు.

అదే బొమ్మలో పొరపాటు కూడా ఉంది. రైలు కిటికీ వెలుతురు ఎడమ నుంచి పడుతోంది, సీట్ల నీడలు కుడివైపు ఉన్నాయి. డయానా నీడ ఒక్కటీ ఎడమవైపు పడింది. దానికి బొమ్మలో వేరే ఎక్కడా తోడు లేదు, దానివల్ల ఏ అర్థమూ రావడం లేదు. కావాలని చేసిన మార్పుకి బొమ్మలో ఇంకో నాలుగు చోట్ల చుట్టాలు కనిపిస్తాయి, పొరపాటు ఒంటరిగా మిగిలిపోతుంది. ఇంకా అనుమానం ఉంటే, ముందు చెప్పిన అయిదారు బొమ్మలు తీయండి. మెడ మరీ పొడుగ్గా ఉందనుకోండి, అన్నిట్లోనూ అంతే పొడుగుంటే అది ఆ చేతి తీరు. ఈ ఒక్క దాంట్లోనే పొడుగైతే తడబాటు.

మూడో పరీక్ష, ఆ తేడాని మనసులో తీసేసి చూడడం. తీసేస్తే ఏం పోతుంది? ఇక్కత్ తీసేస్తే ఆ రైలు బొమ్మే లేదు. కొన్ని బొమ్మల్లో మాత్రం దుస్తులు సగం తగ్గించి, ఛాతీ, వీపు రెండూ ఒకేసారి మనవైపు తిరిగేలా నడుము మెలిపెడతారు. ఏ మనిషీ అలా నిలబడలేదు. ఆ మెలిక తీసేస్తే డయానా గురించి పోయేదేమీ ఉండదు, పైగా ఆమె నిటారుగా నిలబడుతుంది. అలాంటివి మార్పులు కావు. వాటి మీద మీ పది నిమిషాలు ఖర్చుపెట్టకండి.

పోలిక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గాల్ గాడోట్‌లా లేదంటారు. 1975లో మొదలైన టీవీ సీరియల్ చూసి పెరిగినవాళ్లు లిండా కార్టర్‌లా లేదంటారు. కామిక్‌లోని డయానా వీళ్లిద్దరి కంటే ముందునుంచీ ఉంది. బాపు గీసిన సీతని ఫొటోతో పోల్చి ముక్కు సరిగ్గా లేదని మనం అనం. అది బాపు గీత అని దూరం నుంచే తెలుస్తుంది, ఆ గీత కోసమే చూస్తాం. చందమామ ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య వేసిన ఆడవాళ్లూ అంతే, ఆ రంగులు, ఆ కళ్లు ఆయనవే. ఇంత మంచి చూపు ఇంట్లో పెట్టుకుని, సూపర్‌హీరోయిన్ బొమ్మ దగ్గరికి వచ్చేసరికి ఫొటో పోలిక అడగడం నాకు బాధగా ఉంటుంది.

5. ఇప్పుడు ముఖం చూసి, నోరు విప్పండి

‘సూపర్’, ‘నైస్’ అనొద్దు. మీరు చూసినదొకటి పేరుపెట్టి చెప్పండి. ‘నక్షత్రాల్ని ఇక్కత్‌లో పెట్టడం బాగుంది అక్కా’, ‘ఆ బ్రేస్‌లెట్ నొక్కులు చూశాను అన్నా’. ఇంత చాలు, వేసినవాళ్ల ముఖం మారిపోతుంది, మిగతా కథ వాళ్లే చెబుతారు. పొరపాటు కనిపించినా అడగకుండా చెప్పకండి. ‘ఏమైనా చెప్పండి’ అని వాళ్లే అడిగితే నీడ సంగతి ఒక్కటే, ఒక్క వాక్యంలో చెప్పండి. టేబుల్ మీది ప్రింట్లని అడగకుండా ఫొటో తీయొద్దు.

బేరం ఆడొద్దు. సుల్తాన్ బజార్‌లో ఆడండి, ఇక్కడ వద్దు. డబ్బు తక్కువుంటే చిన్న ప్రింటో స్టిక్కరో కొనండి.

6. ఇంటికి తెచ్చాక

మడవకండి, లామినేషన్ చేయించకండి. మౌంట్ బోర్డు పెట్టి, కాగితానికి గాజు తగలకుండా ఫ్రేమ్ కట్టించండి. వానాకాలం తేమకి గాజుకి అతుక్కున్న ప్రింట్‌ని ఊడదీస్తే ఇంకు గాజుతో పాటే వచ్చేస్తుంది. ఎండ పడే గోడకి వేలాడదీయొద్దు, ముందుగా ఎరుపు వెలిసిపోతుంది. డయానా బొమ్మలో ఎరుపు పోతే ఇక మిగిలేది తక్కువ. ఫ్రేమ్ కట్టించే ముందే ప్రింట్ వెనకాల పెన్సిల్‌తో వేసినవాళ్ల పేరు, కొన్న ఏడాది రాయండి. బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపు అచ్చు తేలుతుంది.