మదుపు లెక్క చదవడం, 4వ పాఠం: టైటాన్ షేరు మూడు రూపాయలా, అరవై రూపాయలా?

పేరున్న షేర్ల మదుపరి రాకేశ్ ఝున్‌ఝున్‌వాలాకు గడియారాల, నగల కంపెనీ టైటాన్ షేరు మీద ఇరవై ఏళ్లలో ఏటా సగటున ఎంత శాతం పెరుగుదల వచ్చిందో కట్టి చూడమని గత పాఠంలో అడిగాను. వచ్చిన జవాబులు చాలావరకు రెండు చోట్ల గుమికూడాయి. కొందరికి 20 శాతం వచ్చింది, మరికొందరికి 62 శాతం వచ్చింది. సరైన జవాబు 40 శాతానికి దగ్గరగా ఉండాలి. ఇంత తేడా రావడానికి కారణం లెక్క చేయలేకపోవడం కాదు, ధరను చదవడంలో జరిగిన పొరపాటు. అందువల్ల ఆకాశ ఎయిర్ విమాన సంస్థ వంటి, మార్కెట్‌లో లిస్టు కాని (అక్కడ కొని అమ్మడానికి లేని) మదుపుల విలువ కట్టడం గురించి ఈసారి చెప్పాలనుకున్నది వాయిదా వేసి, ఈ ఒక్క ముడిని విప్పుతాను.

ఆయన 2002-03 ప్రాంతంలో టైటాన్‌ను సుమారు మూడు రూపాయలకు కొన్నారని అందరూ రాస్తారు. అయితే ఆ రోజుల్లో ఏ బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్ట్ నోట్ (కొనుగోలు వివరాల పత్రం) మీదా మూడు రూపాయలన్న అంకె లేదు. అప్పుడు షేరు ధర అరవై రూపాయల చుట్టుపక్కల ఉండేది. 2011లో కంపెనీ పది రూపాయల ముఖ విలువ (షేరు మీద కంపెనీ రాసే విలువ) గల ఒక్కో షేరును రూపాయి ముఖ విలువ గల పది షేర్లుగా విభజించి, దానితో పాటు ప్రతి షేరుకు మరొక షేరును బోనస్‌గా, అంటే ఉచితంగా, ఇచ్చింది. అప్పటి అరవైని ఇప్పటి షేర్ల లెక్కలోకి తెస్తే మూడు అవుతుంది. అంటే ఆ మూడు రూపాయలు సవరించిన ధరే తప్ప, ఆయన చెల్లించిన ధర కాదు.

ఇక్కడ మరో చిన్న పొరపాటు కూడా కనిపించింది. కొందరు పదికి ఒకటి కలిపి పదకొండు రెట్లు అన్నారు. విభజన, బోనస్ ఒకదాని మీద ఒకటి పనిచేస్తాయి కనుక వాటిని గుణించాలి, కూడకూడదు. విభజనతో పది రెట్లు, బోనస్‌తో రెండు రెట్లు, మొత్తం ఇరవై రెట్లు.

నేను ఎప్పుడూ షేరు ధరతో లెక్క మొదలుపెట్టను, జేబులోంచి వెళ్లిన డబ్బుతో మొదలుపెడతాను. మీరూ అదే అలవాటు చేసుకోవాలని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే విభజన వచ్చినా బోనస్ వచ్చినా మారని అంకె అదొక్కటే. ఆనాడు 100 షేర్లను 60 రూపాయల చొప్పున కొన్నవారు 6,000 రూపాయలు ఇచ్చారు. 2011 తర్వాత వారి ఖాతాలో 2,000 షేర్లు ఉన్నాయి. ఝున్‌ఝున్‌వాలా మరణించిన 2022 ఆగస్టు నాటికి ధర సుమారు 2,470 రూపాయలు కనుక, విలువ 49 లక్షల 40 వేలు. దానిని 6,000తో భాగిస్తే దాదాపు 823 రెట్లు. మూడు రూపాయల చొప్పున 2,000 షేర్లు అనుకున్నా పెట్టుబడి అదే 6,000, జవాబూ అదే.

అరవై రూపాయల ధర తీసుకుని, షేర్ల సంఖ్యను 100 దగ్గరే ఉంచినవారికి 41 రెట్లే వచ్చింది. 20 శాతం అక్కడి నుంచి పుట్టింది. మూడు రూపాయల ధర తీసుకుని, ఆపైన షేర్లను మళ్లీ ఇరవైతో గుణించినవారికి 16 వేల రెట్లు దాటింది; 62 శాతం అక్కడిది. ధరనైనా సవరించండి, సంఖ్యనైనా సవరించండి. రెండింటినీ సవరించవద్దు, రెండింటినీ వదిలేయవద్దు. డివిడెండ్లను (కంపెనీ లాభంలోంచి వాటాదారులకు పంచే డబ్బును) ఈ లెక్కలో కలపలేదు.

రెట్లను శాతంగా మార్చడానికి 72 సూత్రం (డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్లతో 72ను భాగిస్తే ఏటా శాతం) వాడినవారికి 35 శాతం వచ్చింది. ఇంత వేగంగా పెరిగిన మదుపుకు ఆ సూత్రం తక్కువ చూపుతుంది. అటువంటప్పుడు కాలిక్యులేటర్‌లో 823కి ఇరవయ్యో మూలం (మదుపు కాలం ఇరవై ఏళ్లు కనుక) కట్టాలి.

ఇక 5,000 రూపాయల కథ. హైదరాబాద్‌లో పుట్టి, ముంబైలో పెరిగి, చార్టర్డ్ అకౌంటెంట్ అయిన ఝున్‌ఝున్‌వాలా 1985లో, బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజ్ సూచీ సెన్సెక్స్ 150 దగ్గర ఉన్నప్పుడు, 5,000 రూపాయలతో మార్కెట్‌లోకి వచ్చారు. చనిపోయేనాటి ఆస్తి ఫోర్బ్స్ పత్రిక అంచనాలో 580 కోట్ల డాలర్లు. ఈ రెండు అంకెల మధ్య గీత గీసి ఏటా 64 శాతం అన్నారు కొందరు. కానీ 1986లో ఆయన టాటా టీ షేర్లు 5,000 కొన్నారు, ఒక్కొక్కటి 43 రూపాయలకు. అది 2 లక్షల 15 వేల రూపాయలు. అయిదు వేలతో ఒక్క ఏడాదిలో అంత కొనుగోలు జరగాలంటే మధ్యలో బయటి డబ్బు చేరి ఉండాలి, ఆయన అప్పు తెచ్చిన సంగతి దాచుకున్నదీ కాదు. పైగా ఆయన మదుపరి మాత్రమే కాదు, పెద్ద ట్రేడర్ (తక్కువ కాలంలో కొని అమ్మే వ్యక్తి) కూడా. మధ్యలో డబ్బు చేరిన చోట మొదటి అంకెనూ చివరి అంకెనూ తీసుకుని శాతం కట్టడం తప్పు. పోలికకు, అదే కాలంలో సెన్సెక్స్ ఏటా 17 శాతానికి కాస్త పైన పెరిగింది. సూచీలో మధ్యలో ఎవరూ డబ్బు వేయరు కనుక ఆ శాతం నిలుస్తుంది.

ఆ టాటా టీని మూడు నెలల్లో 143కు అమ్మి ఆయన 5 లక్షల లాభం పొందారు. దానిని ఏడాదికి సాగదీసి 12 వేల శాతం అని రాసి పంపినవారికి ఒక్క మాట: ఏడాది నిండని మదుపుకు వార్షిక శాతం కట్టవద్దు.

అభ్యాసం: ఇన్ఫోసిస్ 1993లో షేరు 95 రూపాయలకు జారీ చేసింది. నాడు 100 షేర్లు పొంది, ఒక్కటీ అమ్మని వ్యక్తి దగ్గర 2018 చివరికి ఎన్ని షేర్లు ఉంటాయో, కంపెనీ వార్షిక నివేదికల నుంచి ప్రతి బోనస్‌నూ, ఉన్న ఒక్క విభజననూ ఏరి పట్టిక వేయండి. 2004 నాటి బోనస్ దగ్గర జాగ్రత్త: ఒకటికి మూడు ఇచ్చారంటే చేతిలో ఉండేవి నాలుగు. జవాబు 1,02,400 రావాలి. రాకపోతే జవాబు ఒక్కటే కాకుండా పట్టిక మొత్తం పంపండి. ఏ వరుసలో తప్పిందో అందులోనే కనబడుతుంది.